మట్టిగోడను నమ్మరాదు



నేడు నేను మనవి చేయబూనిన విషయము పురాణము కాదు, వ్యాకరణమును కాదు. అది గోతులు త్రవ్వు పని. పునాదులకును, మురుగు కాలువలకును, నీటి గొట్టములకును నేలను త్రవ్వునపుడు గోడ విఱిగిపడి లోనున్న కూలివాడు మరణింపకుండుటకు మనము చేయవలసిన దేమి యనునదియే నా ప్రసంగము. ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి విశ్రమించిన పంతులునకు గోతులతో నేమి పని యని మీలో కొందఱకు తోచవచ్చును. ఆ పని నా కెట్లు కలిగినదో కొంచెము సేపటిలో విన్నవించెదను.

మాది అమరావతి. పల్నాడు జిల్లాలో కృష్ణ యొడ్డున, అమరేశ్వరుని సన్నిధినున్న ఊరు. ఈ ఊరి చరిత్రము చాలవఱకు త్రవ్వకముల చరిత్రమే. పూర్వము వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి నుండి తమ రాజధానిని ఇచ్చటికి మార్చుకొని, క్రొత్త పట్టణమునకు రాయియు ఇటుకయు కావలసి దీపాలదిన్నె యను మిట్టను త్రవ్వించిరి. అందుండియే మహాచైత్యపు శిల్పములు బయల్పడినవి. 1797లో కాలిన్ మెకంజీ దొర వచ్చి వానిని చూచెను. అటుపిమ్మట ఎందఱో త్రవ్విరి. మన స్వాతంత్ర్యానంతరము 1958-59 లోను, 1973-75 లోను పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి.

నేడు మా ఊరికి దిగువను, మా ఊరి పేరనే, రాష్ట్ర రాజధాని లేచుచున్నది. 2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున దానికి శంకుస్థాపన జరిగెను. నడుమ కొన్నియేండ్లు నిలిచిపోయిన పనులు 2025 మే 2వ తేదీన మఱల ప్రారంభింపబడినవి. రహదారులు, వాననీటి కాలువలు, భూమిలో పాతు గొట్టములు, మేడల పునాదులు — ఇవి యన్నియు త్రవ్వకముతోడనే మొదలగును. రాజధాని మాట యటుండగా, ప్రతి పల్లెలోను ఏదో యొక గోయి త్రవ్వబడుచునే యున్నది. నేడొక వీధిలో మంచినీటి గొట్టము, రేపొక ఇంటికి మరుగుదొడ్డి గుంత, ఎల్లుండి బడికి ప్రహరి. పెద్ద పనియందు ఇంజనీరు ఉండును, నియమము లుండును. చిన్న పనియందు మేస్త్రియు, నలుగురు కూలీలును, పైన నిలిచి చూచు మనమును తప్ప మఱి యెవ్వరు నుండరు. కావున ఈ మాటలు ముఖ్యముగా మీకొఱకే.

ఇక నా సంగతి చెప్పెదను. ముప్పదియేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేనొక గ్రామమున ఉపాధ్యాయుడను. ఊరివా రందఱును చందాలు వేసికొని బడి వెనుక మురుగునీరు పోవుటకు గొట్టము వేయింప దలచిరి. ఒక సంఘ మేర్పడెను. దాని లెక్కలు వ్రాయువాడను నేనే. కాలువ వెడల్పు రెండున్నర అడుగులు, లోతు ఏడడుగులు. నేల రేగడి. రెండు దినముల క్రిందట ఒక జల్లు కురిసి, పిమ్మట ఎండ కాసినది. మేస్త్రి ఉదయముననే నా కడకు వచ్చి, “పంతులుగారూ, ఈ గోడ నాకు నచ్చలేదండి. ఓ పదిహేను బాదులు, నాలుగు పలకలు అద్దెకు తెప్పించండి. రేపు దిగుదాం” అనెను. సరుగుడు బాదుల అద్దె ఆనాటి లెక్కకును గొప్ప మొత్తము కాదు. కాని సంఘము చేతిలో డబ్బు తక్కువ. “ఒక్క పూట పనికి బాదులెందుకయ్యా? ఇంతదాకా నిలిచిన గోడ సాయంత్రం దాకా నిలవదా?” అను మాట పుట్టెను. ఆ మాట అన్నవాడను నేనే.

మధ్యాహ్నము దాటినపిమ్మట ఒక ప్రక్క గోడ విఱిగి దిగెను. లోపల నిద్దఱుండిరి. ఒకడు ఒక చేతి దూరములో నుండి బయటపడెను. రెండవవాడు రొమ్ము వఱకు మట్టిలో కూరుకొనిపోయెను. తల పైనున్నది, చేతులు పైనున్నవి. మాటలాడుచున్నాడు, నీళ్లడిగినాడు. గట్టుపై మట్టితట్టలు మోయుచున్న వాని భార్య ముంతతో నీళ్లు అందించెను. తల పైనున్నది గదా, ఇక భయము లేదని మేమందఱము తలంచితిమి. పాఱలతో త్రవ్వి వానిని వెలుపలికి తీయునప్పటికి ప్రాణము లేదు. వాని కుమారుడు నా తరగతిలోని పిల్లవాడు. వారము దినముల తరువాత ఆ పిల్లవాడు బడికి వచ్చి తన చోటున కూర్చుండెను. హాజరుపట్టీ తెఱచి వాని పేరు పిలుచుటకు నాకు నోరు రాలేదు.

తల పైనున్నవాడు ఏల మరణించెను? ఇంతదాకా నిలిచిన గోడ ఏల విఱిగెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది. ఇంజనీర్లను అడిగితిని, పుస్తకములు చదివితిని. తెలిసినదానిని మీ కొప్పగించుచున్నాను.

మొదట గోడ సంగతి. త్రవ్వకమునుపు నేలలోని ప్రతి మట్టిపెళ్లను నలువైపుల మట్టియు ఒత్తి పట్టుకొనియుండును. కొట్టులో ధాన్యపు బస్తాలను వరుసలు వరుసలుగా పేర్చి, ముందు వరుసను లాగివేసినయెడల వెనుక వరుస కొంతసేపు నిలిచియే యుండును. కాని దాని నానుకొని నిలిపిన బలము పోయినది. అది ఎప్పుడు దొర్లునో చెప్పలేము. గోయి త్రవ్వుట యనగా ఆ ముందు వరుసను లాగివేయుటయే. అటుపైన గోడను నిలుపునది మట్టికణముల నడుమ నున్న జిగియు, కొద్దిపాటి తడియును మాత్రమే. ఆ తడి ఎండకు ఆఱినను జిగి పోవును. వానకు ఎక్కువైనను పోవును. ఉదయమున నిలిచిన గోడ మధ్యాహ్నమున అదే గోడ కాదు. “ఇంతదాకా నిలిచినది” అనుట అది ఇంకను నిలుచునని చెప్పుటకు సాక్ష్యము కానేరదు.

విఱుగు తీరును వినుడు. అంచునకు వెనుక కొంత దూరమున, నేలపైని, గోతికి సమాంతరముగా ఒక సన్నని నెఱ్ఱె పుట్టును. అచ్చటి నుండి గోతి యడుగు వైపునకు మట్టి లోలోపల ఏటవాలుగా తెగును. తెగిన ముక్క యంతయు ఒక్కసారిగా జాఱి గోతిలో పడును. ఇదంతయు రెప్పపాటు పని. ఇఱుకైన కాలువలో నున్నవాడు ప్రక్కకు తొలగుటకు తావుండదు. మా కాలువ అంచునకు రెండడుగుల దూరమున ఆ నెఱ్ఱెను మేము చూచితిమి. ఎండకు రేగడి పగులుట వింతయా యని లెక్కపెట్టక పోతిమి.

ఇక బరువు. ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల మట్టి ఒకటిన్నర టన్నులకు తక్కువ తూగదు. తడిసిన మట్టి రెండు టన్నుల వఱకు తూగును. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు ఇరువదింటిని ఒక్కసారి మనుష్యునిపై దొర్లించిన దానితో సమానము. గోడలో చిన్న ముక్క విఱిగినను ఒకటి రెండు ఘనమీటరు లుండవచ్చును.

రొమ్ము వఱకు పూడినవాని సంగతి ఇది. మనము ఊపిరి విడిచినపుడు రొమ్ము కొంచెము క్రుంగును. ఆ క్రుంగిన సందులోనికి మట్టి దిగి బిగియును. మఱల ఊపిరి పీల్చుటకు రొమ్ము పైకి లేవవలెను, మట్టి లేవనీయదు. ప్రతి నిశ్వాసముతోను కట్టు బిగియుచునే యుండును. ముక్కునకు గాలి యెదురుగనే యున్నది, దానిని లోనికి తీసికొను శక్తి మాత్రము లేదు. అందువలననే తల పైనున్నవాడును కొద్ది నిమిషములలో మరణించును. మఱియొక మాట. గొట్టమును అతికించువాడు వంగియో, గొంతుకూర్చుండియో పని చేయును. నిలిచినవానికి నడుము లోతైన గోయి వానికి తల లోతు. కావున “నాలుగడుగులే కదా” యను మాటను కూడ ఆలోచించి చెప్పవలెను.

మన సీమలోని నేలలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. రేగడి ఎండలో రాతివలె గట్టిపడి పలుగునకు లొంగదు. ఆ గట్టితనమును చూచి కూలివాడు ధైర్యము తెచ్చుకొనును. కాని అదే నేల ఎండకు ముడుచుకొని లోతుగా నెఱ్ఱెలు వాఱును, తడికి ఉబ్బును. తొలకరి జల్లు నెఱ్ఱెలలో దిగినపుడు గోడను వెనుకనుండి నెట్టివేయును. ఏటి యొడ్డున పైన రెండు మూడడుగులు రేగడి యుండి, క్రింద ఇసుక పొర తగులుట కలదు. ఇసుక జాఱినకొలది పైరేగడి చూరువలె మిగిలి ఒక్కమాఱు కూలును. క్రింద నీరూఱినచో చెప్పనక్కఱలేదు. మూడవది పాటిమట్టి. అమరావతి, ధరణికోట వంటి పాతకాలపు ఊళ్లలో చేలకు తోలుకొను పాటిమట్టిని మీ రెఱుగుదురు. పెంకులును, ఇటుక ముక్కలును, బూడిదయు కలిసి ఏర్పడిన పొర అది, ఒకదానినొకటి పట్టుకొనదు. ఎప్పుడో త్రవ్వి పూడ్చిన చోటును అట్టిదే. మా బడి కాలువలో విఱిగిన ప్రక్క ఒకప్పటి పూడిన గుంత యని తరువాత ఒక ముసలివాడు చెప్పెను. త్రవ్వకమునుపు వానిని అడిగిన వారు లేరు. పల్నాటిలో నాపరాయి తగులు చోట్ల కూడ పలకలకు నడుమ మన్ను పొరలుండి, పలక గోతివైపునకు వాలి యున్నయెడల జాఱుట కలదు.

కావున మొదటి పని, దిగకమునుపు అడుగుట. ఇచ్చట మునుపు నుయ్యి యుండెనా, పెంటగుంత యుండెనా, పాత కాలువ పోయెనా యని ఊరిలో వృద్ధులను అడుగవలెను. విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు భూమిలో నెచ్చట నున్నవో ఆయా శాఖలవారిని అడుగవలెను. భూమిలోని తీగలు, గొట్టములు తెగకుండ త్రవ్వువారికిని వాని యజమానులకును ముందుగా మాట కలుపుటకై భారత ప్రభుత్వము 2023 మార్చి 22వ తేదీన ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను సెల్‌ఫోను సాధనమును ప్రారంభించినది. మన పిల్లలు దానిని క్షణములో తీసి చూపగలరు.

నేలను అడిగి దిగుట మన పెద్దలకు క్రొత్త కాదు. వాస్తుశాస్త్రమునందు భూపరీక్ష యని కలదు. మూరెడు గుంత త్రవ్వి, ఆ మట్టితోనే మఱల పూడ్చి, మట్టి మిగిలినయెడల ఉత్తమమనియు, సరిపోయినయెడల మధ్యమమనియు, చాలకున్న అధమమనియు చెప్పిరి. దీనిని శుభాశుభములకే మనము వాడుకొంటిమి గాని, నేల బిగువును ముందుగా తెలిసికొను బుద్ధి అందున్నది. అట్లే ఇసుక నేలలో నుయ్యి త్రవ్వునపుడు మన వడ్డెర మేస్త్రులు ఒరలు దింపుదురు. ఒక ఒరను నిలిపి, దాని లోపలి మట్టిని తీసినకొలది ఒర క్రిందికి దిగును. దానిపై మఱియొక ఒర. త్రవ్వువాడు సర్వదా ఒరలోపలనే యుండును. నేడు పెద్ద పనులలో కాలువలోనికి దింపు ఇనుప పెట్టె యును ఇదే తర్కము. మనిషి దిగకమునుపు గోడకు అడ్డుండవలెను.

పెద్దల యాచారమునందు ఒకదానిని మాత్రము సరిదిద్దుకొనవలెను. పాత నూతిలో దిగకమునుపు దీపమును దింపి చూచుట కలదు. దీప మాఱినయెడల ప్రాణవాయువు తక్కువ యని తెలియును. అది నిజమే. కాని దీపము వెలుగుచున్నంతమాత్రమున గాలి మంచిదని నిశ్చయింపరాదు. దీపము నార్పని విషవాయువులు కలవు. దీపము తగిలి అంటుకొను వాయువులును కలవు. గాలిని పరీక్షించు పరికరము లేకుండ, నడుమునకు త్రాడు లేకుండ, పైన మనుష్యులు లేకుండ పాత నూతిలోనికి గాని, మురుగు గుంతలోనికి గాని ఎవ్వరిని దింపరాదు.

ఇప్పుడు ముఖ్యమైన నియమములు చెప్పెదను. ఇవి నా కల్పనలు కావు. కేంద్ర ప్రజాపనుల శాఖవారు తమ కంట్రాక్టు పత్రములకు జతపఱచు భద్రతా నియమావళిలో నున్నవి.

మొదటిది: 1.5 మీటరు, అనగా సుమారు 5 అడుగుల లోతు గాని, అంతకు మించి గాని గల కాలువ గోడలను నిలువుగా విడువరాదు. మెట్లు మెట్లుగా వెనుకకు తీసి వాలు కల్పింపవలెను, లేదా కఱ్ఱతో గట్టిగా దన్ను పెట్టవలెను. అమెరికా దేశపు నియమములును ఈ 5 అడుగుల మేరనే చెప్పుచున్నవి. నేల బలహీనమని తోచినపుడు అంతకు తక్కువ లోతునను దన్ను కావలసినదే.

రెండవది: త్రవ్విన మట్టిని అంచునకు 1.5 మీటరు దూరము లోపల గాని, లోతులో సగము దూరము లోపల గాని పోయరాదు. ఈ రెంటిలో ఏది ఎక్కువైన అది పాటింపవలెను. గట్టున పోసిన కుప్ప గోడ నెత్తిన పెట్టిన మూట వంటిది. ఇటుకలు, గొట్టములు, ట్రాక్టరు, జేసీబీ — వీనికిని అంచునుండి దూరముననే చోటు చూపవలెను. బండి కదలినపుడు నేల అదరుటయు గోడకు చేటే.

మూడవది: 1.2 మీటరు, అనగా 4 అడుగులు లోతైన ప్రతి కాలువలోను నిచ్చెన యుండవలెను. కాలువ పొడవున ప్రతి 30 మీటరులకు ఒకటికి తక్కువ కాకుండ వేయవలెను. అది అడుగునుండి లేచి నేలకు పైని 90 సెంటీమీటరులు మిగిలి యుండవలెను. ఇది కనీసపు లెక్క. పది పదునైదడుగులలో చేతికందునట్లు నిచ్చెన యున్న మఱింత మేలు. బాదులను పట్టుకొని యెక్కుట, దూకుట కూడదు.

నాలుగవది: త్రవ్వకము పైనుండి క్రిందికి సాగవలెను. గోడ అడుగును తొలిచి పైభాగమును కూల్చుట యను సులభోపాయము ఎన్నటికిని పనికిరాదు. కొన్ని చోట్ల మట్టి తొందరగా వచ్చునని కూలీలు అట్లు చేయుదురు. అది తనపై తానే గోడను తోసికొనుట.

వాలు ఎంత యుండవలెనని అడుగుదురు. వదులు మట్టిలో అడుగు లోతునకు ప్రతి ప్రక్కను అడుగున్నర వెడల్పు, ఒక మాదిరి బంకమట్టిలో అడుగునకు అడుగు వెడల్పు చేర్చవలెనని అమెరికా నియమములలో నొక లెక్క కలదు. బడిపిల్లలకు ఇచ్చు లెక్కగా దీనిని చూడుడు. అడుగున రెండడుగుల వెడల్పు కావలెను, లోతు ఆఱడుగులు, అడుగునకు అడుగు వాలు. అప్పుడు పైని వెడల్పు రెండును, ఆఱును, ఆఱును కలిసి పదునాలుగడుగులు. వెడల్పైన పొలములో ఇది సాధ్యము. ఇఱుకు వీధిలో అసాధ్యము. అచ్చట దన్నే శరణము.

దన్ను పెట్టుట యనగా ఇది. ఇరుగోడలకు పలకల నానించి, ఆ పలకలపై అడ్డుగా దూలములు వేసి, ఎదురెదురు దూలముల నడుమ బలమైన బాదులను బిగించుట. ఎంత మందము పలక, ఎన్ని యడుగులకు ఒక బాదు అను లెక్క నేలను చూచి ఇంజనీరు వేయవలెను. పెట్టునపుడు పైనుండి క్రిందికి పెట్టుచు పోవలెను. తీయునపుడు క్రిందినుండి, మట్టి పూడ్చుచు, పైకి తీయవలెను. పని యయినదని ముందుగా బాదులన్నియు ఊడదీసి, పిమ్మట గొట్టము చూచుటకు లోనికి దిగువారు కలరు. ఆ దిగుటయు మొదటి దిగుట వలె ప్రమాదకరమే.

ప్రతి ఉదయమునను, వాన వెలిసిన ప్రతిమాఱును, మధ్యాహ్నభోజనము చేసి తిరిగి దిగకమునుపును అనుభవముగల యొకడు అంచు పొడవునను నడచి చూడవలెను. క్రొత్త నెఱ్ఱె, గోడ నుండి రాలు మన్ను, ఉబ్బిన గోడ, అడుగున ఊఱిన నీరు, వంగిన బాదు — ఈ యైదింటిలో నొకటి కనబడినను లోనివా రందఱును తక్షణమే పైకి రావలెను. లోన మనుష్యుడున్నంతసేపును పైన నొకడు పని చేయక కాపు మాత్రము కాయవలెను. రాత్రి గోతికి చుట్టు కంచెయు, దీపమును ఉండవలెను. తెఱచి విడిచిన గోతిలో వాననీరు నిలిచి పిల్లలు పడి పోవు వార్తలు మీరును వినియుందురు.

“ఇవన్నియు పెద్ద పట్టణములకు, పెద్ద కంట్రాక్టరులకు గాని, మాకెందుకు? మా తాతలనాటి నుండియు బాదులు లేకయే త్రవ్వుచున్నాము” అందురు కొందఱు. తాతలనాడు పలుగు, పాఱలతో మెల్లగా దిగుచు, దిగినకొలది గోడను వాల్చుకొనుచు పోయిరి. నేడు జేసీబీ గడియలో పది యడుగుల నిలువు గోడను తీసి పెట్టును. నేల తన బిగువును చూపుకొనుటకు ముందే మనుష్యుడు దిగును. సాధనము మాఱినది, జాగ్రత్త మాత్రము మాఱలేదు. పట్టణములందును ఈ లోపము లేకపోలేదు. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురమున ఒక భవనము సెల్లారు కొఱకు త్రవ్విన గోతిలో మట్టి విఱిగి పడి ఏడుగురు కూలీలు మరణించిరి. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదు ఎల్.బి. నగరులో సెల్లారు గోతియందే ముగ్గురు మరణించిరి. పొట్టకూటికై ఊరు విడిచి పోయిన వారిని మట్టి పొట్టన పెట్టుకొనెను.

“ఖర్చు” అందురు మఱికొందఱు. ఖర్చు గూర్చి నాకన్న నెక్కువ ఎఱిగినవారు లేరు. బాదుల యద్దె వ్రాయవలసిన పుటలో నేను సున్న చుట్టితిని. మఱునాడు అదే పుటలో కట్టెల ఖర్చు వ్రాయవలసి వచ్చినది.

పురావస్తుశాఖవారు త్రవ్వునపుడు చతురస్రముగా కొలిచి, నడుమ గట్లు వదలి, పొర పొరగా దిగుచు, ఒక చిన్న పూస చెదరకుండ నేలను విప్పుదురు. ఎన్నడో చచ్చినవాని పూసకు చూపు శ్రద్ధలో నాలవ పాలు బ్రతికియున్నవాని యూపిరికి చూపరాదా? మట్టిపనియే కులవృత్తిగా గల ఉప్పరులు తాము సగరుని సంతతివారమని చెప్పుకొందురు. సగరపుత్రులు అఱువదివేలమంది భూమిని త్రవ్వుచు పోయి తిరిగి రాలేదు. వారికొఱకు భగీరథుడు గంగను తేవలసి వచ్చెను. మన కూలీల కొఱకు గంగను తేనక్కఱలేదు, పదిహేను బాదులు తెచ్చిన చాలును.

చట్టము మాట రెండు ముక్కలలో. భవననిర్మాణ కార్మికుల కొఱకు 1996లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. 1998లో ఏర్పడిన కేంద్ర నియమములలో త్రవ్వకములకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. తరువాత 2020లో చేయబడిన కార్మిక స్మృతులలో ఆ చట్టము లీనమైనది. ఆ స్మృతులు 2025 నవంబరు 21వ తేదీ నుండి అమలునకు వచ్చినవి. చట్టము పేరు మాఱినను, పని చేయించువాడు పని చేయువాని క్షేమమునకు బాధ్యుడను మూలసూత్రము మాఱలేదు. పదునెనిమిది మొదలు అఱువదియేండ్ల నడుమ వయస్సు కలిగి, గడచిన సంవత్సరములో 90 దినములు నిర్మాణపు పని చేసిన కూలివాడు, స్త్రీయైనను పురుషుడైనను, రాష్ట్ర నిర్మాణ కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసికొనవచ్చును. మీ ఊరినుండి పనికి పోవువారిని పిలిచి, కార్డు తీసికొంటిరా యని అడిగి, లేకున్న వ్రాయించి పెట్టుట గొప్ప పుణ్యము.

ఇంత చేసినను ఆపద వచ్చినయెడల ఏమి చేయవలెను? మొదట, ఎవ్వరును తొందరపడి లోనికి దూకరాదు. మొదటి గోడ విఱిగిన చోట రెండవ గోడయు విఱుగును. రక్షింప దిగినవారును అందు పోవుదురు. వెంటనే 108 కును, అగ్నిమాపక దళమునకు 101 కును గాని, అన్నింటికి నొకటియైన 112 కు గాని ఫోను చేయవలెను. దగ్గఱనున్న బండ్లను, యంత్రములను నిలిపివేయవలెను. గుంపును అంచునుండి దూరముగా నెట్టవలెను. లోన నెంతమంది యుండిరో, ఎచ్చట నుండిరో చూచినవానిని అచ్చటనే నిలుపుకొనవలెను. ఉన్న పలకలు, తలుపులు, మంచములు దేనినైనను తెచ్చి మిగిలిన గోడకు దన్ను పెట్టి, పిమ్మటనే దిగవలెను. పూడిన మనుష్యునిపై జేసీబీ తొట్టి దింపరాదు, చేతులతోను చిన్న పాఱలతోను తీయవలెను. మొదట ముఖము, వెంటనే రొమ్ము. రొమ్మునకు చుట్టును సందు చేయువఱకు వాడు రక్షింపబడినట్లు కాదు. త్రాడు కట్టి పైకి లాగరాదు, నడుము విఱుగును. కాళ్లు చాలసేపు మట్టి క్రింద నలిగినయెడల ఎంతసేపు నలిగినవో వైద్యునకు తప్పక చెప్పవలెను. అట్టివాడు బయటికి వచ్చినపిమ్మట లేచి నడచినను ఆసుపత్రికి కొనిపోవలెను.

పెద్దలారా, మీరు పలుగు పట్టనక్కఱలేదు. ఇంజనీరులు కానక్కఱలేదు. ఊరిలో గోయి త్రవ్వుచున్నారని తెలిసినపుడు చేతికఱ్ఱతో ఒకసారి అచ్చటికి నడచి, నాలుగు ప్రశ్నలు మాత్రమడుగుడు. లోతెంత? దన్నేది? తీసిన మట్టి ఎంత దూరమున పోసినారు? నిచ్చెన ఎచ్చట? ఈ నాల్గింటికి సరియైన సమాధానము లేనియెడల లోనివానిని పైకి రమ్మనుడు. పని ఒక పూట ఆగినందువలన ఎవ్వరికిని నష్టము రాదు. పల్లెలలో పెద్దవాని మాటకు ఇంకను విలువ యున్నది. మేస్త్రికి కంట్రాక్టరునకు ఎదురుచెప్పు ధైర్యము లేకపోవచ్చును, కూలివానికి కూలి పోవునను భయ ముండవచ్చును. మీకు ఆ రెండును లేవు. అట్లే, మేస్త్రి గోడ నచ్చలేదని చెప్పినపుడు వాని మాట వినుడు. వాని చేతులకు మట్టి తెలిసినట్లు మన చదువులకు తెలియదు. నేను వినలేదు.

ప్రతి ఉదయమును మనము మంచము దిగుచు, భూదేవిని కాలితో తాకుచున్నందుకు క్షమింపుమని మ్రొక్కుదుము. కాలు మోపుటకే క్షమాపణము అడుగు జాతి, ఆ తల్లి గర్భములోనికి బిడ్డలను దింపునపుడు మఱింత భయభక్తులతో నుండవలెను. మీరు వెళ్లి నిలుచు గోతి గట్టున, లోపలివాడు ఎవని తండ్రియో ఒకసారి తలంచుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.